సున్నపురాయి కింది నీళ్లు: తేటగా ఉంటే చాలునా?

చెన్నూరులో చదువుకున్నవాళ్లకు నీళ్ల గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక పక్క గోదావరి, అదీ ఇక్కడికి వచ్చేసరికి ఉత్తరానికి తిరిగి పారే గోదావరి. ఇంకో పక్క ప్రాణహిత. ఎండాకాలం ఏట్లో మోకాలి లోతు ఇసుక తోడితే చెలిమెలో తేటనీరు ఊరుతుంది. ముందు రెండు చెంబులు తోడి పారబోసి, ఆ తర్వాత ఊరిన నీళ్లు తాగడం మన పెద్దలు నేర్పిందే. అదే అలవాటుతో బోరింగు నీళ్లను కూడా గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాం. మట్టి లేదు, వాసన లేదు, నలకలు లేవు. ఇక మంచివే అనుకుంటాం.

ఈ లెక్క ఇసుక నేలలో చాలావరకు సరిపోతుంది. సున్నపురాతి నేలలో సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికే ఈ వ్యాసం. ఇంట్లో నీళ్లు చెడితే ఒక కుటుంబం మంచాన పడుతుంది. హాస్టల్లో ఒక్క బోరు మీద, ఒక్క సంపు మీద వంద మంది ఉంటారు. అక్కడ చెడితే వారం రోజుల్లో సగం మంది పెట్టెలు సర్దుకొని ఇంటికి పోవాల్సి వస్తుంది, పరీక్షలు పోతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

మన కాళ్ల కింద ఏముంది?

గోదావరి, ప్రాణహిత లోయలో పరుచుకున్న రాళ్లను భూగర్భ శాస్త్రవేత్తలు గోండ్వానా రాళ్లు అంటారు. సింగరేణి బొగ్గు వీటిలోదే. ఎక్కువ భాగం ఇసుకరాయి. అయితే ఆ ఇసుకరాళ్ల నడుమ అక్కడక్కడ సున్నపురాతి పొరలున్నాయి. వాటిలో పేరు పొందింది 'కోటా' సున్నపురాయి. ప్రాణహిత అవతలి గట్టున, మహారాష్ట్రలోని సిరోంచ వైపు కోటా అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరే ఈ పొరలకు పెట్టారు. నదికి ఈవల, మన వైపు కూడా అవే పొరలు సాగుతాయి. జురాసిక్ కాలంలో ఇక్కడ పెద్ద పెద్ద మంచినీటి మడుగులు ఉండేవి. వాటి అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి రాయి అయింది. ఆ పలకల్లో చేపల శిలాజాలున్నాయని పంతొమ్మిదో శతాబ్దం నుంచే తెలుసు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ఈ కోటా రాళ్లలోనే దొరికిన ఒక రాక్షసబల్లికి 1988లో 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు. ఎక్స్‌కర్షన్‌కు పోయి దాని కింద నిలబడి ఫొటో దిగిన వాళ్లలో అది మన జిల్లా జంతువని తెలిసినవాళ్లు ఎంతమందో!

మంచిర్యాల వైపు ఇంకా పాతకాలపు సున్నపురాయి ఉంది. మంచిర్యాలలో, దేవాపూర్‌లో, గోదావరి దాటితే బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. అటు ఆదిలాబాద్ వైపు పెన్‌గంగ సున్నపురాయి. అంటే మన హాస్టల్‌కు వచ్చే పిల్లల్లో కొందరి ఊళ్లు ఇసుకరాయి మీద, కొందరివి నల్లరేగడి మీద, కొందరివి సున్నపురాయి మీద ఉన్నాయన్నమాట. ఎవరి ఊరి రాయి ఏదో వాళ్లు తెలుసుకుంటే మంచిది. గుర్తుపట్టడం కష్టం కాదు. పరీక్షనాళికలోకి చిన్న రాతి ముక్కను పొడిచేసి వేసి, స్కూల్ ల్యాబులోని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు సారు దగ్గరుండి వేయిస్తే, సున్నపురాయైతే బుసబుస పొంగుతుంది. మన ప్రభుత్వ భవనాల్లో నేల మీద పరిచే షాబాదు బండలు కూడా సున్నపురాయే. దాని మీద నిమ్మరసం పడి అలాగే వదిలేస్తే మచ్చ పడేది అందుకే.

బడిలో చేసిన ప్రయోగమే

సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడుతుందని హైస్కూలు దాటిన ప్రతివాడికీ తెలుసు. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. ఆ తెలుపు అదే. సున్నపురాయి అంటే కూడా అదే పదార్థం. కానీ చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకుండా ఇంకా ఊదుతూ పోతే ఏమవుతుంది? తెల్లబడిన నీరు మళ్లీ తేటపడుతుంది! కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైనప్పుడు కార్బొనేట్ కాస్తా నీటిలో కరిగే బైకార్బొనేట్‌గా మారిపోతుంది. ఇప్పుడు ఆ తేట నీళ్లను మరిగించండి. మళ్లీ తెల్లబడుతుంది.

సున్నపురాతి నేల సంగతంతా ఈ ఒక్క పరీక్షనాళికలో ఉంది. వాన చినుకు గాలిలోంచి కొంచెం కార్బన్ డయాక్సైడ్ పట్టుకొస్తుంది. నేలలో చెట్ల వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే దాన్ని ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. అలా కొద్దిపాటి పులుపెక్కిన నీరు రాతి పగుళ్లలోకి దిగుతుంది, దిగుతూ రాయిని కరిగిస్తుంది. వెంట్రుకంత పగులు వేల ఏళ్లకు వేలంత అవుతుంది, ఆ పైన లక్షల ఏళ్లకు మనిషి దూరేంత. ఒకసారి వెడల్పయిన దారిలోనే ఎక్కువ నీరు పోతుంది కాబట్టి అదే దారి ఇంకా వెడల్పవుతుంది. ఇలాంటి నేలను శాస్త్రవేత్తలు 'కార్స్ట్' అంటారు. స్లొవేనియా, ఇటలీ సరిహద్దులోని ఒక సున్నపురాతి పీఠభూమి పేరు మీద వచ్చిన మాట అది.

తెలుగునాట దీనికి గొప్ప సాక్ష్యం నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982, 83లలో గెబావర్ నాయకత్వాన ఒక జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలిచింది. మూడు కిలోమీటర్లకు పైగా సొరంగాలు తేలాయి. లోపల అన్నిటికన్నా లోతైన చోటికి పాతాళగంగ అని పేరు. నేల మీద చూస్తే మామూలు మెట్ట, కంది చేలు. కింద నది పారినంత ఖాళీ. మన చెన్నూరు వైపు అలాంటి పేరున్న గుహలేవీ లేవు. కానీ నీళ్లు చెడటానికి గుహ అక్కర్లేదు. చూపుడువేలంత పగులు చాలు.

మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రాతిలోంచి ఉబికి వచ్చే ఊటను 'బుగ్గ' అన్నాం. బెల్లంపల్లి దగ్గర బుగ్గ రాజరాజేశ్వరస్వామి, అనంతపురం జిల్లా తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి ఆ ఊటల పేర్లతోనే ఉన్న దేవుళ్లు. తాడిపత్రి చుట్టుపక్కల నాపరాళ్లన్నీ సున్నపురాయే.

పప్పు ఉడకని నీళ్లు

సున్నపురాయిని కరిగించుకొచ్చిన నీరు కఠినజలం. దీన్ని కనిపెట్టడానికి ల్యాబు అవసరం లేదు, వంటగది చాలు. కందిపప్పు ఎంతసేపు ఉడికినా బద్దబద్దగానే ఉంటుంది. నీళ్లలోని కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ను పట్టుకొని గట్టిపరుస్తుంది. అందుకే వంటమనుషులు చిటికెడు సోడా వేస్తారు. సబ్బు నురగ రాదు, తెల్ల చొక్కా నాలుగు ఉతుకులకే బూడిద రంగుకు తిరుగుతుంది. నీళ్లు కాచే గంజు అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అది సున్నపురాయే! పరీక్షనాళికలో మరిగించినప్పుడు తేలిన తెలుపు ఇదే.

ఈ పెచ్చును చూసి జనం భయపడతారు, కిడ్నీలో రాళ్లు వస్తాయంటారు. నీటి కాఠిన్యతకూ కిడ్నీ రాళ్లకూ నేరుగా సంబంధం ఉందని రుజువు కాలేదు. తాగునీటికి మన దేశపు ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యత మంచిదంటుంది, వేరే నీరు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటుంది. ఇంకో మేలు కూడా ఉంది. కాల్షియం ఎక్కువున్న నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ నిలవదు, రెండూ కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కు దిగుతాయి. ఫ్లోరైడ్ బాధ ఎక్కువగా నల్గొండ వంటి గ్రానైటు నేలలది. పళ్లు గారపట్టినట్టు గోధుమరంగుకు తిరిగిన పిల్లలు గ్రానైటు ఊళ్లలోనే ఎక్కువ కనిపించేది ఇందుకే. అలాగని సున్నపురాతి బోరుకు ఫ్లోరైడ్ పరీక్ష మానేయమని కాదు.

నా అభిప్రాయం ఏమిటంటే, మనం భయపడక్కర్లేని దానికి భయపడుతున్నాం. పెచ్చు కనిపిస్తుంది కాబట్టి దాని కోసం ఫిల్టర్ నీళ్ల క్యాను కొంటాం. కనిపించని క్రిమిని లెక్కచేయం.

వడపోత లేని దారి

ఇసుకలో నీరు రేణువుల మధ్య సందుల్లోంచి రోజుకు కొన్ని సెంటీమీటర్లు, మహా అయితే ఒకటి రెండు మీటర్లు జరుగుతుంది. ఆ నడకలో మురికి రేణువులకు అంటుకుపోతుంది. పేగుల్లో బతికే క్రిములు బయట ఎక్కువ కాలం ఉండలేవు, దారిలోనే చాలావరకు చచ్చిపోతాయి. చెలిమె నీళ్లు మేలు అనడానికి కారణం ఇదే. పక్కనే బర్రెలు పడుకున్నా, బట్టలుతికినా ఆ మేలు పోతుందనుకోండి.

సున్నపురాతి పగులులో నీరు అలా నడవదు, పరిగెత్తుతుంది. రోజుకు వందల మీటర్లు, కిలోమీటర్లు కూడా. దారిలో వడపోత లేదు, ఆగడం లేదు. పైన పడిన మురికి క్రిములతో సహా బోరులోకి దిగుతుంది. 

దీనికి ఒక తమాషా రుజువు ఉంది. 1901 ఆగస్టులో ఫ్రాన్సులోని పొంటార్లియే అనే ఊళ్లో పెర్నో వారి సారా ఫ్యాక్టరీకి పిడుగుపడి నిప్పంటుకుంది. ట్యాంకులు పేలిపోతాయని భయపడి ఆబ్సింత్ అనే ఘాటు వాసన మద్యాన్ని పక్కనున్న డూ నదిలోకి వదిలేశారు. రెండు రోజుల తర్వాత, పది కిలోమీటర్లకు పైగా దూరంలో, అసలు వేరే నది అయిన లూ నది పుట్టే ఊట దగ్గర నీళ్లు మద్యం వాసన కొట్టాయి. డూ నది నీరు సున్నపురాతి పగుళ్లలో దూరి లూ ఊటగా బయటపడుతోందని అలా బయటపడింది. అంతకు ముందే 1877లో జర్మనీలో పది కిలోల ఫ్లోరెసిన్ రంగును డాన్యూబ్ నది ఇంకిపోయే చోట వేసి, అది పన్నెండు కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊటలో పచ్చగా తేలడం చూశారు. ఇప్పటికీ సున్నపురాతి నీటి దారులు కనుక్కోవడానికి శాస్త్రవేత్తలు చేసే పని ఇదే, రంగు వేసి కాపలా కాయడం.

మద్యం వాసన నవ్వుకోవడానికి బాగుంటుంది. కెనడాలోని వాకర్టన్ సంగతి అలాంటిది కాదు. ఐదు వేల జనాభా లోపు ఉన్న చిన్న పట్నం. ఊరి నీటి బావుల్లో ఐదో నంబరు బావి పగుళ్లున్న రాతిలో తీసింది. లోతు 15 మీటర్లే, కేసింగు పైప్ పై 5 మీటర్లకే. 2000 మే నెలలో రోజుల తరబడి పెద్ద వాన కురిసింది. దగ్గరి పశువుల కొట్టం రైతు చేలో చల్లిన పేడ ఎరువు లోంచి ఈ.కోలై క్రిములు ఆ వానతో బావిలోకి దిగాయి. నీళ్లు తేటగానే ఉన్నాయి. 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. జడ్జి ఓకానర్ విచారణ జరిపి 2002లో నివేదిక ఇచ్చాడు. రైతు తప్పేమీ చేయలేదని, పద్ధతి ప్రకారమే ఎరువు వేశాడని అందులో రాశాడు. తప్పు ఎక్కడంటే, నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలిందో రోజూ కొలవాల్సిన వాళ్లు కొలవకుండానే రిజిస్టరులో అంకెలు రాశారు. ఈ ఒక్క వాక్యం మన ఊళ్లలో నీళ్ల ట్యాంకు తాళాలు ఉన్న ప్రతివాళ్లూ చదవాలి.

మనకు ముప్పు ఎక్కడి నుంచి?

కొత్తగా వెతకాల్సిన పని లేదు. పెంటకుప్ప, మోరి నీళ్లు, సెప్టిక్ ట్యాంకు, చెత్తతో పూడ్చిన పాత చేదబాయి. పాత బాయి విషయం ముఖ్యం. నల్లా వచ్చాక చేదబాయిని ఎవరూ పట్టించుకోరు, అందులో చచ్చిన కోళ్ల దగ్గర నుంచి అన్నీ వేస్తారు. సున్నపురాతి నేలలో ఆ బాయి, పక్క బోరు ఒకే పగులు మీద ఉండొచ్చు. అప్పుడు మనం వేసిన చెత్త మన బిందెలోకే.

మరుగుదొడ్డి గుంతకు, బావికి మధ్య 15 మీటర్ల దూరం ఉండాలని ఆరోగ్య పుస్తకాల్లో చదువుకున్నాం. అది మట్టి నేలలకు వేసిన లెక్క. పగుళ్ల రాయిలో 15 కాదు, 100 మీటర్లు కూడా భరోసా కాదు. అడుగు భాగం సిమెంటు చేయని సెప్టిక్ ట్యాంకు 'ఎప్పుడూ నిండదు, మంచి ట్యాంకు' అని మెచ్చుకుంటారు. నిండకపోతే ఆ మురికి ఎక్కడికి పోతున్నట్టు?

పత్తి చేలకు వేసే యూరియా ఇంకో సంగతి. పైరు తీసుకోగా మిగిలింది నైట్రేటుగా మారి కిందికి దిగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు చంటిపిల్లల పాల డబ్బాకు పనికిరావు. నైట్రేటు వల్ల రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ నీలంగా మారే ప్రమాదం ఉంది. మరిగిస్తే నైట్రేటు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఇంకుడు గుంతల మాట కూడా చెప్పాలి. మట్టి లోతుగా ఉన్నచోట అవి మేలే. సున్నపురాయి రెండడుగుల లోతులోనే తగిలే చోట చేయి కడిగిన నీళ్లు, బట్టల నీళ్లు ఇంకుడు గుంతలోకి వదిలితే పగులులోకి పైప్ వేసినట్టే. అలాంటి చోట ఇంటి పైకప్పు వాన నీటిని మాత్రమే, అదీ ఇసుక, కంకర పొరల మీదుగా వదలాలి.

హాస్టల్లో ఏం చూడాలి?

మొదటిది, వాన. పెద్ద వాన పడిన కొన్ని గంటల్లోనే, లేదా మరునాటికి బోరు నీళ్లు మసకబారితే ఆ బోరుకు నేల మీది నీళ్లతో నేరుగా దారి ఉన్నట్టే. లోతు 300 అడుగులని ధీమా పడొద్దు. ఎంత లోతు తవ్వారన్నది కాదు, కేసింగు ఎంతవరకు దించారు, కేసింగు చుట్టూ సిమెంటు పోశారా అన్నది అడగాలి. బోరు చుట్టూ గచ్చు పగిలి నీళ్లు నిలుస్తుంటే ముందు అది బాగుచేయించాలి. 2022 జూలై గోదావరి వరదలప్పుడు మన వైపు పొలాలు, ఇళ్లు మునిగాయి. అలా తల మునిగిన బోరును ఎక్కువ మోతాదు క్లోరిన్ వేసి, ఒక రాత్రి ఉంచి, నీళ్లన్నీ తోడి పారబోసి, పరీక్ష చేయించాకే తాగడానికి వాడాలి.

రెండోది, సంపు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు నది నుంచి వడకట్టి క్లోరిన్ కలిపి వస్తాయి. చాలాచోట్ల ఆ నల్లాను, బోరు పైపును ఒకే సంపులోకి వదులుతారు. అప్పుడు శుద్ధి చేసిన నీళ్లలోని క్లోరిన్ కాస్తా బోరు నీళ్లకు సరిపోక ఖర్చయిపోతుంది. తాగేవి వేరు, వాడుకునేవి వేరు ట్యాంకుల్లో ఉంచాలి. ఖర్చు ఒక చిన్న ట్యాంకు.

మూడోది, బ్లీచింగ్ పౌడర్. ఇదీ సున్నానికి క్లోరిన్ పట్టించి చేసిందే. తేటగా ఉన్న వెయ్యి లీటర్ల నీటికి మంచి పౌడర్ రెండున్నర గ్రాములు సుమారు లెక్క. మసక నీళ్లకు అది చాలదు, పైగా మసకలో క్రిములు దాక్కుంటాయి. పౌడరును బకెట్లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పై తేటను మాత్రం ట్యాంకులో పోయాలి, గంట ఆగాలి. మూత తీసి మూలన పడేసిన పాత సంచిలో బలం ఉండదు, వాసన కూడా రాదు. కాబట్టి వేశామా అన్నది కాదు, మిగిలిందా అన్నది చూడాలి. పంచాయతీ వాళ్ల దగ్గర ఉండే క్లోరోస్కోప్‌లో మందు చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు తిరగాలి. పసుపు రాకపోతే ఆ రోజు ఆ నీళ్లు మరిగించాల్సిందే. తెర్లే మరుగు ఒక నిమిషం వస్తే చాలు. విరేచనాల క్రిములతో పాటు పచ్చకామెర్లు తెచ్చే క్రిమి కూడా చస్తుంది.

నాలుగోది పిల్లలే చేయగలిగిన పరీక్ష. చిన్న గాజు సీసాలో మందు అద్దిన కాగితం ముక్క ఉంటుంది. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల కిట్లలో ఇస్తారు. గుర్తు వరకు నీళ్లు నింపి, మూత బిగించి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీరు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఒక్క ఈ.కోలై కూడా ఉండకూడదు. సీసాను జూన్, జూలైలో మొదటి పెద్ద వాన పడిన మరునాడు నింపండి, ఎండాకాలంలో చేస్తే పాసవుతుంది. నీళ్లు పట్టేది బోరు దగ్గర కాదు, ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న నల్లా దగ్గర. పట్టే ముందు చేతులు సబ్బుతో కడుక్కొని, నల్లాను రెండు నిమిషాలు వదిలేయండి. సీసా లోపలి అంచుకు వేలు తగిలితే అది పారేసి ఇంకోటి తీసుకోండి. తేదీ, నల్లా ఎక్కడిది, ముందు రోజు వాన పడిందా లేదా, ఎన్ని గంటలకు నల్లబడింది, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి వార్డెన్ సారు సంతకం పెట్టించండి.